అసౌకర్యానికి చింతిస్తున్నాం

“డియర్ సర్, యువర్ యూరిన్ ఈజ్ స్టిల్ పెండింగ్ విత్ అస్. కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్ అండ్ రివర్ట్ బ్యాక్.”

తెర మీద ఆ రెండు వాక్యాలు పడగానే క్లాసంతా గొల్లుమంది. మృదుల మాత్రం నవ్వు బిగబట్టుకుని నిలబడింది. రాసిన వాళ్లెవరో తెలియకూడదని పేరు చెరిపేసి మరీ తెచ్చింది ఆ ఈమెయిల్‌ని.

అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు దగ్గరి సందులో, చెప్పుల దుకాణం పైన ఉంది ఆ ఇన్‌స్టిట్యూట్. ఆఫీసుల్లో ఉత్తరాలూ ఈమెయిళ్లూ ఎలా రాయాలో అక్కడ నేర్పుతారు. నాంపల్లి స్టేషన్ రోడ్డులోని ఓ డయాగ్నొస్టిక్ సెంటర్ తన స్టాఫ్‌ని శనివారాలు అక్కడికి పంపడం మొదలుపెట్టింది. ఇది వాళ్ల మొదటి క్లాసు.

“ఇందులో ఏమేం తప్పులున్నాయో ఎవరు చెబుతారు?” అడిగింది మృదుల.

చివరి బెంచీలోంచి ఒకతను లేచాడు. పొడుగ్గా, చామనఛాయగా ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా జేబుకి సెంటర్ వాళ్ల ఐడీ కార్డు వేలాడుతోంది.

“తప్పులు తర్వాత చెప్తగని మేడం, ముందుగాల్ల ఇది రాసింది నేను.”

నవ్వులు ఆగిపోయాయి. మృదుల మొహం ఎర్రబడింది.

“మీ పేరు?”

“భూపాల్. పేషెంట్ రిలేషన్స్.”

“భూపాల్ గారూ, ‘నీడ్‌ఫుల్’ అన్నారు. ఇంతకీ ఆయన ఏం చేయాలని?”

“ఇంకో డబ్బా నింపియ్యాలె మేడం. గట్ల రాస్తే బాగుండదని నీడ్‌ఫుల్ అన్న.”

ఈసారి మృదులకి కూడా నవ్వాగలేదు. క్లాసు మళ్లీ గొల్లుమంది. భూపాల్ మాత్రం నవ్వకుండా కూర్చున్నాడు. కూర్చునే ముందు ఒక్క మాటన్నాడు.

“నవ్వుకోండ్రి. ఆ సార్ తెల్లారే వచ్చి డబ్బా ఇచ్చిపోయిండు.”

*

క్లాసు అయ్యేసరికి వాన పట్టుకుంది. పోస్టాఫీసు ముందు బస్‌స్టాప్‌లో జనం ఒకరినొకరు ఆనుకుని నిలబడ్డారు. మృదుల గొడుగు మడిచి షెడ్డు కిందికి వచ్చేసరికి పక్కనే భూపాల్ ఉన్నాడు. ఐడీ కార్డు తడవకుండా చొక్కా లోపలికి తోసుకుంటున్నాడు.

ముందు మృదులే పలకరించింది.

“నా వల్ల మీకు క్లాసులో ఇబ్బంది కలిగి ఉంటే, సారీ.”

“‘ఉంటే’ ఏంది మేడం? కలిగింది కదా.”

ఆమె చటుక్కున తలెత్తింది. అతని మాటలో కోపం లేదు. నిజంగానే అడుగుతున్నాడు.

“అది... అలా అనడం మర్యాద.”

“మా అమ్మ తిట్టినంక, ‘తిట్టిన బిడ్డా, తప్పైంది, తిను’ అంటది. ‘తిట్టి ఉంటే’ అనదు.”

మృదుల ఏదో అనబోయింది. ఇంతలో ఫోన్ మోగింది. “ఆ నాన్నా... వస్తున్న, జర ఆగు. వాన గొడ్తున్నది గీడ. చాయ్ నేనొచ్చి పెడ్తగని నువ్వు స్టవ్ ముట్టకు.”

ఫోన్ పెట్టేసరికి భూపాల్ ఆమె వంకే చూస్తున్నాడు, మొహమంతా నవ్వుతో.

“ఏంటి?”

“ఏం లేదు మేడం. మీరు గిట్ల గూడ మాట్లాడ్తరా అని.”

“ఎందుకు మాట్లాడను? పుట్టి పెరిగింది సుల్తాన్ బజార్‌లనే.” ఈసారి ఆమె కూడా నవ్వింది. బస్సు వచ్చింది. ఎక్కబోతూ వెనక్కి తిరిగి, “తప్పైంది భూపాల్ గారూ. ‘ఉంటే’ లేదు,” అంది.

బస్సు వెళ్లిపోయాక గానీ తన బస్సు కూడా అదేనని భూపాల్‌కి గుర్తు రాలేదు.

*

తర్వాతి శనివారాల్లో అతను ముందు బెంచీకి మారాడు.

వాదన మాత్రం మానలేదు. “హెల్తీ రిగార్డ్స్ అని ఎందుకు పెట్టొద్దు? మాది ల్యాబే కదా,” అనేవాడు. “అన్నీ పెద్దక్షరాల్లో రాస్తే అరిచినట్టు ఉంటుంది,” అని ఆమె చెబితే, “మరి సిగ్నల్ లేని ఊర్ల అరిస్తెనే వినపడ్తది మేడం,” అనేవాడు. అయినా నేర్చుకున్నాడు. చెప్పాల్సిన మాట మొదటి వరసలోనే చెప్పాలని, చదివేవాడికి ఏ సందేహం వస్తుందో ముందే ఊహించి జవాబు రాయాలని, ఒక ఉత్తరం రాయడమంటే ఎదుటి మనిషిని కుర్చీ వేసి కూర్చోబెట్టడమని.

చివరి మాట ఆమె క్లాసులో అన్నది కాదు. ఒక ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద, పాత పుస్తకాల గుట్టల మధ్య అంది. ఇద్దరూ అక్కడ అనుకోకుండా కలిశారు. భూపాల్ చేతిలో అట్ట ఊడిపోయిన ఉత్తరాల గైడు ఒకటి ఉంది.

“గీ మాట సూడుండ్రి. ‘మీ మిక్కిలి విధేయుడనైన సేవకుడను.’ కరెంటు బిల్లు గురించి రాసిన అర్జీ ఇది!”

“మా నాన్న సర్వీసంతా అట్లాంటి ఉత్తరాలే డ్రాఫ్ట్ చేసిండు. కలెక్టరాఫీసులో క్లర్కు. ‘విచారించబడుచున్నది’ అని రాయందే ఆయన పెన్ను కదలదు.”

“ఎవరు విచారిస్తున్నరు?”

“అదే తెలియొద్దు. అందుకే అట్ల రాసేది.”

భూపాల్ నవ్వుతూ నవ్వుతూ ఆగాడు. “మా ఇంట్ల చిన్నప్పుడు నేను కుండ పగలగొట్టి, ‘అమ్మా, కుండ పగిలింది’ అంటుంటి. దానంతట అదే పగిలినట్టు. ఆఫీసోళ్ల ఇంగ్లిష్ మొత్తం గట్లనే ఉన్నది మృదులా... మేడం.”

మేడం అన్న మాట ఆలస్యంగా వచ్చింది. మృదుల విననట్టే ఇంకో పుస్తకం చేతిలోకి తీసుకుంది. ఆ పుస్తకం తలకిందులుగా ఉందని చాలాసేపటికి గమనించింది.

ఆ తర్వాత ఆదివారాలు అనుకోకుండా కలవాల్సిన అవసరం రాలేదు.

*

వర్షాకాలం మధ్యలో ఒక సంగతి జరిగింది.

సుల్తాన్ బజార్‌లో మ్యాచింగ్ సెంటర్ నడిపే అనసూయమ్మ ఒక ఉదయం భూపాల్ వాళ్ల ల్యాబ్‌కి రక్తపరీక్ష కోసం వచ్చింది. ఆ రోజు కౌంటర్ దగ్గర విపరీతమైన రద్దీ. రక్తం తీసే వెంకీ ఒక్కడే ఉన్నాడు. ఎక్కడో లేబుల్ మారిపోయింది. వేరే వాళ్ల రిపోర్టు అనసూయమ్మ చేతికి వెళ్లింది. అందులో ఉన్నది మంచి మాట కాదు. పెద్ద డాక్టరు మళ్లీ పరీక్ష చేయించి, “మీకే జబ్బూ లేదమ్మా,” అని చెప్పేదాకా వారంపైనే ఆమె చావుని కళ్ల ముందు పెట్టుకుని బతికింది. ఆ రిపోర్టు అసలు ఎవరిదో వాళ్లని ల్యాబ్ వాళ్లు పిలిపించి చెప్పారు.

ల్యాబ్ నుంచి అనసూయమ్మకి ఇంగ్లిష్‌లో ఒక ఉత్తరం వెళ్లింది. మర్నాడే ఆ కాగితం పట్టుకుని అనసూయమ్మ కౌంటర్‌కి వచ్చింది. అరవలేదు. భూపాల్ ముందు పెట్టింది.

“మా మనుమరాలితోని చదివిపిచ్చిన బాబూ. మల్ల నేను గూడ కూడబలుక్కుని చదివిన. ‘ఒక వ్యత్యాసము గమనించబడినది’ అట. ‘అసౌకర్యానికి చింతిస్తున్నాం’ అట. ఎవరు జేసిన్రు, ఎవరు చింతిస్తున్నరు? ఇందుల మనిషే లేడు గద బాబూ.”

ఆ కాగితం అక్కడే వదిలేసి వెళ్లింది.

భూపాల్ లోపలికి వెళ్లి మేనేజర్ రవిచంద్రని అడిగాడు. “ఇది ఎవరు రాసిన్రు సార్?”

“మన ట్రైనర్ మేడమే. మంచిగ రాసింది. ఎక్కడా మనం దొరకకుండ.”

*

భూపాల్ వచ్చేసరికి మృదుల ఖాళీ క్లాసులో బోర్డు తుడుస్తోంది. అతన్ని చూసి వెలిగిన ఆమె మొహం, టేబుల్ మీద అతను పెట్టిన కాగితం చూడగానే మారింది.

“ఇది నువ్వే రాసినవా?”

మొదటిసారి నువ్వు అన్నాడు. అది ఇలాంటి రోజున అయింది.

“రాశాను. రిపోర్టుల్లో చిన్న తేడా వచ్చింది, లీగల్ ఇబ్బంది లేకుండా ఒక లెటర్ కావాలన్నారు రవిచంద్ర గారు.”

“చిన్న తేడానా? ఆమె సస్తనని అనుకున్నది మృదులా! నువ్వు ఒక్క మాటన్న అడిగినవా, ఎవరికి రాస్తున్నవో?”

“నాకు చెప్పలేదు...”

“నువ్వు అడగలేదు.”

మృదుల చేతిలో డస్టర్ అలాగే ఉండిపోయింది. తను నేర్పే మొదటి పాఠం అదే. ఎవరికి రాస్తున్నావో తెలుసుకో.

“ప్రతి కంపెనీ ఇట్లాగే రాస్తుంది భూపాల్. అది నా పని,” అంది, తనకే నమ్మకం లేని గొంతుతో.

“మంచి పనే. మనుషుల్ని చెరిపేసే పని.”

అతను మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఆమె చాలాసేపు ఆ బెంచీల మధ్యే కూర్చుంది.

అదే కోపంలో భూపాల్ ఆఫీసుకి వెళ్లి, లేబుల్ పొరపాటు గురించి అందరికీ వచ్చిన ఈమెయిల్‌కి జవాబు రాశాడు. ఎక్కడా నాన్చలేదు, ఎవరినీ దాచలేదు. ‘వెంకీ లేబుల్ మార్చాడు. వెంకీ వల్ల ఒక ముసలామె నరకం చూసింది. ఆ నిజం రాయడానికి మనకు ధైర్యం లేదు.’ రిప్లై ఆల్ నొక్కాడు. బ్రాంచీలన్నిటికీ, డాక్టర్లందరికీ వెళ్లింది.

మర్నాడు వెంకీ కుర్చీ ఖాళీగా ఉంది.

“పనిలకు రావద్దని చెప్పినం. మీరే కదా పేరు పెట్టి రాసింది?” అన్నాడు రవిచంద్ర.

భూపాల్ ఆ ఖాళీ కుర్చీ వైపు తిరిగాడు. లేబుల్ మారిన ఉదయం వెంకీ టీ కూడా తాగకుండా ఒంటరిగా అంతమందికి సూది గుచ్చడం తను చూశాడు. రెండో మనిషిని పెట్టమని వెంకీ ఎన్నోసార్లు అడగడం తను విన్నాడు. రాసేటప్పుడు అవేవీ గుర్తు రాలేదు. నిజం రాశాననుకున్నాడు. రాసింది సగం.

*

ఆ మధ్యాహ్నం మృదుల సుల్తాన్ బజార్ వెళ్లింది. తనకి బాగా తెలిసిన వీధే అయినా ఆ దుకాణం ముందు అడుగు పడటానికి సమయం పట్టింది.

అరల్లో సగం ఖాళీగా ఉన్నాయి. రంగురంగుల జాకెట్టు ముక్కలు నిండుగా ఉండాల్సిన చోట ఒట్టి చెక్క కనిపిస్తోంది.

“ఏం కావాలె బిడ్డా? ఉన్నంతల జూడు,” అంది అనసూయమ్మ.

“అమ్మా, మీకొచ్చిన ఉత్తరం రాసింది నేను.”

అనసూయమ్మ కళ్లద్దాలు సర్దుకుని ఆమెని పరీక్షగా చూసింది. తర్వాత స్టూలు జరిపింది. “కూసో.”

రిపోర్టు వచ్చిన రోజు నుంచి ఏం జరిగిందో ఆమే చెప్పింది. తను పోతే కోడలికి దుకాణం భారం కాకూడదని సరుకులో సగం పక్క దుకాణానికి ఇచ్చేసిందట. ఇంట్లో ఎవరికీ చెప్పలేదట. స్నానాల గదిలో నల్లా విప్పి ఆ చప్పుడులో ఏడ్చేదట.

“నాకు పైసలొద్దు, కేసులొద్దు. ఎవరన్న ఒక్కరు వచ్చి, ‘మా వల్ల అయ్యింది’ అంటరేమోనని జూసిన. నువ్వొచ్చినవ్.”

మృదుల ఆమె చేతులు పట్టుకుంది. వచ్చేటప్పుడు ఎన్నో వాక్యాలు సిద్ధం చేసుకుంది. ఏదీ పనికిరాలేదు. “తప్పు చేసిన అమ్మా,” అంది అంతే.

*

సాయంత్రం భూపాల్ ఇన్‌స్టిట్యూట్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. మృదుల వచ్చి పక్క మెట్టు మీద కూర్చుంది. కింద దుకాణంలో ఎవరో చెప్పుల బేరం ఆడుతున్నారు.

“వెంకీ పని పోయింది. నా మెయిల్‌తోని,” అన్నాడు అతను.

“అనసూయమ్మ దగ్గరికి పోయొచ్చిన,” అంది ఆమె.

జరిగిందంతా ఒకరికొకరు చెప్పుకున్నారు. ఉత్తరంలో ఆమె ఎవరినీ కనపడనివ్వలేదు. మెయిల్‌లో అతను ఒక్కడినే నడివీధిలో నిలబెట్టాడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. పైకి చెప్పక్కర్లేదు.

“ఇంకో ఉత్తరం రాద్దామా? తెలుగులో,” అంది మృదుల. “నువ్వు పక్కనుండాలె.”

పైకి వెళ్లి లైటు వేశారు. ఆమె మొదటి వాక్యం రాసింది. ‘మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము.’

“గది నాంపల్లి స్టేషన్ల మైకు చెప్పే మాట. రైలు లేటైతే చెప్తది.”

ఆమె నవ్వేసింది, కొట్టేసింది. అతను ‘మా టెక్నీషియన్’ అని మొదలుపెట్టి, పెన్ను ఆపి, తనే కొట్టేశాడు. ఇద్దరూ అలా రాస్తూ, కొట్టేస్తూ, ఒకరి చేతిలోంచి ఒకరు పెన్ను లాక్కుంటూ కూర్చున్నారు. చివరికి మిగిలింది చిన్నదే.

‘అనసూయమ్మ గారికి నమస్కారం. మేము మీకు వేరొకరి రిపోర్టు ఇచ్చాము. ఆ ఉదయం అంత రద్దీలోనూ ఒక్క మనిషినే పనికి పెట్టాము. ఆ తప్పు మాది. మేము సరిచూసుకోనందువల్ల మీరు వారంపైగా భయంతో గడిపారు. ఆ రోజుల్ని మేము తిరిగి ఇవ్వలేము. మమ్మల్ని క్షమించమని అడగడానికి మేమే మీ దగ్గరికి వస్తున్నాము. ఇకమీదట ఒక్కరే నమూనాలు తీసే పద్ధతి ఉండదు.’

మర్నాడు రవిచంద్ర దాన్ని పైకి చదివాడు. మళ్లీ చదివాడు. “లాయర్ చూస్తే నెత్తి కొట్టుకుంటడు మేడం.”

“కొట్టుకోనివ్వండి సార్. ఆవిడ కేసు వేయనని నాతో అన్నారు. మొదటి ఉత్తరం ఇంకెవరికైనా వెళ్లి ఉంటే ఈపాటికి వేసేవాళ్లే.”

“మరి వెంకీ?” అడిగాడు రవిచంద్ర.

“ఒక్కడినే పెట్టినమని మనమే రాసుకున్నం సార్,” అన్నాడు భూపాల్. “గది రాసి వాణ్ని తీసేస్తే ఉత్తరం అబద్ధమైతది. వాడి పేరు పెట్టి రాసుడు నా తప్పు. అందరికీ మల్ల మెయిల్ పెడ్త. మీరు సంతకం జెయ్యుండ్రి.”

రవిచంద్ర కిటికీలోంచి వెయిటింగ్ హాలు వైపు చూశాడు. జనం టోకెన్లు పట్టుకుని నిలబడి ఉన్నారు. పెన్ను తీశాడు.

ఆ సాయంత్రం ముగ్గురూ సుల్తాన్ బజార్ వెళ్లారు. దుకాణంలో నిలబడి రవిచంద్రే ఉత్తరం చదివాడు. అనసూయమ్మ అంతా విని, కాగితం మడిచి, “ఆ సూది గుచ్చిన పిల్లగాడు మంచిగున్నడా?” అని అడిగింది.

మంచిగా ఉన్నాడు. వారం తిరక్కుండానే వెంకీ తన కుర్చీలో, పక్కన ఇంకో మనిషితో కూర్చున్నాడు. భూపాల్ వెళ్లి క్షమించమంటే, కొన్నాళ్లు మాట్లాడలేదు. ఆ తర్వాత ఒకరోజు తన టీలో సగం పోసి ఇచ్చాడు.

*

కోర్సు అయిపోయిన శనివారం భూపాల్ మృదులతో పాటు బస్‌స్టాప్ దాకా నడిచాడు. ఆకాశం మబ్బుగా ఉంది. ఎన్నో రోజులుగా మనసులో రాసుకుంటున్న మాటలన్నీ బస్సుల హారన్లలో కొట్టుకుపోయాయి.

“మృదులా, నువ్వంటే నాకు ఇష్టం. పెండ్లి చేసుకోవాలని ఉన్నది. ఊర్ల మాకు వాన పడితెనే పండే ఎకరం చెలక, మా అమ్మ పూలమ్మ, ఒక బర్రె. ఇక్కడ నా నౌకరీ. గంతే ఉన్నది.”

మృదుల అతని వంక చూసింది. ఇంతలో బస్సు వచ్చింది. ఆమె ఒక్కతే ఎక్కేసింది. కిటికీలోంచి కూడా చూడలేదు.

ఆ రాత్రి అతనికి నిద్ర పట్టలేదు. పొద్దున్నే మెసేజ్ వచ్చింది. ‘ఇంటికి రా. నాన్న ఉన్నరు.’

నమస్కారం లేదు, దయచేసి లేదు. ఈమెయిల్‌లో మర్యాద గురించి గంటలు గంటలు చెప్పే మనిషి రాసింది ఆ నాలుగు మాటలే. అందులో అవునుందో కాదుందో భూపాల్‌కి అంతుబట్టలేదు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, సుల్తాన్ బజార్‌లో అనసూయమ్మ దుకాణం దాటి, సందులోని పాత ఇంటి గుమ్మంలో నిలబడ్డాడు.

మృదుల నాన్న రామచందర్ పడక్కుర్చీలో పేపరు చదువుతున్నాడు. కళ్లద్దాల పైనుంచి చూశాడు.

“నువ్వేనా భూపాల్?”

“ఔ సార్.”

“మా బిడ్డ నిన్నటి నుంచి అన్నం తింటలేదు. ఏమైందంటే చెప్తలేదు. పొద్దుగాల నీ పేరొక్కటి చెప్పి, పిలుస్తున్నన్నది. ఏం జేసినవ్?”

“పెండ్లి జేసుకుంటనని అడిగిన సార్. జవాబు చెప్పలేదు.”

“చెప్పలేదా?” ముసలాయన ఆశ్చర్యపోయాడు. “మాటలు నేర్పేది, జవాబు చెప్పలేదా! మృదులా!”

వంటింటి తలుపు దగ్గరికి వచ్చింది ఆమె. కళ్లు ఉబ్బి ఉన్నాయి. జుట్టు ముడేసుకుంది. బోర్డు ముందు నిలబడే మేడంలా లేదు.

“ఈ పిల్లగాడు అడిగిండట. నీ మనసుల ఏమున్నదో చెప్పు. బస్సెక్కి పోతే ఎట్ల?”

“భయమైంది నాన్నా. పోతే నువ్వు ఒక్కనివైతవని.”

రామచందర్ పేపరు మడిచాడు.

“నేనేమన్న పసిపిల్లగాన్నా? చాయ్ పెట్టుకోనొస్తది నాకు. నా సంగతి నేను జూసుకుంట. నీ సంగతి చెప్పు. ఇష్టమేనా?”

మృదుల భూపాల్ వైపు చూసింది. అతను ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

“ఔ,” అంది.

“అయితే మరి గుమ్మంల ఎందుకు నిలబెట్టినవ్?” అంటూ ముసలాయన లేచి పక్క కుర్చీ మీది దుప్పటి తీసి దులిపాడు. “రా బిడ్డా, లోపలికి రా. మీ అమ్మకు ఫోన్ కలుపు. ఎప్పుడొస్తదో నేనే అడుగుత.”